కుళాయి వస్తుందని చెప్పాను

1963 సెప్టెంబరు 11, బుధవారం

ప్రిన్సిపాల్ జయరావు గారు పిలిపించి, కూర్చోండి అన్నారు. ఈ కాలేజీలో తెలుగు లెక్చరరుగా చేరిన ఇన్నేళ్లలో ఆయన గదిలో ఎప్పుడూ నిలబడే మాట్లాడాను. ఇవాళ కుర్చీ, పైగా టీ. అక్కడే అనుమానం రావలసింది. రాలేదు. కుచ్చిళ్లు సర్దుకుని మరీ కూర్చున్నాను.

సంగతేమిటంటే, యూనివర్సిటీ వాళ్లు మాకు పీజీ సెంటరు ఇచ్చే ఆలోచనలో ఉన్నారట. వచ్చే నెల కమిషను వచ్చి చూస్తుందట. స్థలం చూపించాలి, నీళ్లు చూపించాలి. స్థలానికి ఢోకా లేదు, తూర్పున ఉన్న నేలను క్రైస్తవ మిషను వాళ్లు కాలేజీకి అమ్మేశారు. నీళ్లు కూడా ఆ నేలలోనే ఉన్నాయి. ఈ రేగడిలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే పడతాయి, ఆ ఒక్క బావిలోనే తియ్యటి ఊట. అది బేతనియ పాలెం వాళ్లు తాగే బావి. అంటే మావాళ్లది. కాగితాల్లో మిషనుది, తవ్వింది మా తాతలు.

పాలెంలో కొందరు కలెక్టరుకి అర్జీ పెడతామంటున్నారట. కమిషను వచ్చే ముందు అల్లరి కాకూడదట.

"మీవాళ్లు మీ మాట వింటారు రెబ్కా గారూ. మనం ఊరికే తీసుకోవటం లేదు గదా, పాలెంలోకి కుళాయి వేయిద్దాం. కాలేజీ పెరిగితే పక్కనున్న పాలెం కూడా పెరగాలి" అన్నారు.

ఆ చివరి మాట నాకు నిజంగానే నచ్చింది. పాలెం నుంచి బయటపడి ఎమ్.ఏ. చదివింది నేనొక్కదాన్నే. నా వల్ల పాలెంలో కుళాయి వస్తే ఎంత బాగుంటుంది! 'మీవాళ్లు' అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాకుండా ఇన్నేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికాను. ఆయన టీ కప్పు అందిస్తూ అనేశారు. కోపం రావలసింది పోయి గర్వంగా అనిపించింది. ఇదేం బుద్ధో నాకు.

సెప్టెంబరు 15, ఆదివారం

పాలెం గుడిలో మాట్లాడాను. ఆరాధన అయ్యాక పాస్టరు జక్రయ్య గారు నన్ను ముందుకి పిలిచి, బల్ల పక్కన నిలబెట్టారు. చాపల మీద ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. అందరూ నన్ను పాకేటప్పటి నుంచి చూసినవాళ్లే. నేనేమో గంజిపెట్టిన చీర, కళ్లజోడు, చేతిలో హ్యాండ్‌బ్యాగు. క్లాసుకి వెళ్లినట్టు వెళ్లాను.

బావిని కాలేజీ తీసుకుంటుందని, మోటారు పెట్టి నీళ్లని ట్యాంకులోకి తోడతారని, ఆ ట్యాంకు నుంచి పాలెంలోకి గొట్టం వేస్తారని చెప్పాను. "ఇంక చేద వెయ్యక్కర్లేదు, అరచేతులు కాయలు కాయక్కర్లేదు. ఇలా తిప్పితే నీళ్లు" అని చేత్తో తిప్పి చూపించాను. పిల్లలు నవ్వారు. నాకూ హుషారొచ్చింది.

మా మేనత్త ఆదెమ్మ లేచి నిలబడింది. నాన్న పోయాక నన్ను చదివించింది ఆవిడే. పత్తి చేలకీ మిరప కల్లాలకీ పోయి చదివించింది.

"కుళాయి వచ్చినాకే గదమ్మా బావికి కంచె ఏసేది?" అంది.

"అవునత్తా" అన్నాను.

ఆ సంగతి జయరావు గారు చెప్పలేదు. నేనూ అడగలేదు. కానీ ఎవరైనా అలాగే చేస్తారు గదా, ఆ మాత్రం తెలివి ఉండదా!

"మళ్లీ చెరువుకట్ట కింద నిలబడే రాత మాత్రం రాకూడదు తల్లీ" అంటూ కూర్చుంది అత్త. ఆ రాత నేను చూడలేదు, విన్నాను. బావి లేని రోజుల్లో మావాళ్లు ఊరి మంచినీళ్ల చెరువు దగ్గరికి పోయేవాళ్లు. రేవులోకి దిగనిచ్చేవాళ్లు కాదు. కట్ట కింద కుండ పెట్టి, దూరంగా జరిగి నిలబడాలి. నీళ్లకొచ్చిన అమ్మగార్లలో ఎవరికైనా దయ కలిగితే పైనుంచి పోసేవాళ్లు. అదుగో, అలా పోయించుకోవటం ఇష్టంలేకే మా తాత నలుగురిని కూడగట్టి బావి తవ్వాడు.

ఒంగోల్లో పొగాకు బేరన్ల దగ్గర పనిచేసే జోసఫు, వరసకి నాకు అన్న, కాలేజీ వాళ్ల చేత కాగితం రాయించుకుందామన్నాడు. పాస్టరు గారు కసిరారు. "గుళ్లో నిలబడి చెప్పిన మాటకి కాగితం అడుగుతావా జోసఫూ? చెప్పింది ఎవరు? మన రెబ్కమ్మ." అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. మా పాలెంలో ఆమేన్ అంటే వేలిముద్ర కంటే గట్టిది. ఇంకెవరూ కాగితం ఊసెత్తలేదు, అర్జీ ఊసు కూడా.

సెప్టెంబరు 16

జయరావు గారు చాలా సంతోషించారు. మళ్లీ టీ.

అక్టోబరు 14, సోమవారం

కమిషను వచ్చి వెళ్లింది. కారు వచ్చే దారి దుమ్ము లేవకుండా పాలెం ఆడవాళ్లు తెల్లవారుతూనే బావి నీళ్లు చల్లి ఉంచారు. ఎవరూ చల్లమనలేదు. కమిషనులో పెద్దాయన నీళ్లు రుచి చూసి తల పంకించారు. ఈ నీళ్లకు పక్క ఊళ్ల నుంచి ఎవరూ రారా అని అడిగితే, "లేదండీ, ఇది పూర్తిగా కాలేజీ బావి" అన్నారు జయరావు గారు. నేను పక్కనే ఉన్నాను. అతిథుల ముందు సరిదిద్దటం మర్యాద కాదు.

నవంబరు 6, బుధవారం

బావి చుట్టూ ముళ్లకంచె వేశారు. తాళం కూడా.

జయరావు గారి దగ్గరికి వెళ్లాను. "గొట్టాలు గుంటూరు నుంచి రావాలమ్మా. ఈలోపల మేస్త్రీలు పనిచేసేచోట జనం తిరిగితే ఎవరైనా పడిపోరూ? వాళ్ల మంచికే" అన్నారు. అదీ నిజమే. పని జరిగేచోట పిల్లలు తిరగటం ప్రమాదమే.

నవంబరు 10, ఆదివారం

గుడికి వెళ్లలేదు. తలనొప్పి.

నవంబరు 17, ఆదివారం

గుడికి వెళ్లలేదు. పేపర్లు దిద్దాలి.

నవంబరు 22, శుక్రవారం

గుంటూరు వెళ్లి బస్సులో తిరిగి వస్తున్నాను. ఊళ్లోకి మలుపు తిరిగేచోట బస్సు చెరువుకట్ట పక్కనుంచి వస్తుంది. కట్ట కింద ఎండలో కుండలు వరసగా ఉన్నాయి. కుండలకి దూరంగా పాలెం ఆడవాళ్లు. అందరికంటే చివర మా అత్త, కొంగు నెత్తిన వేసుకుని కట్ట పైకి చూస్తోంది.

నేను హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచేశాను. బస్సు మలుపు దాటేదాకా వెతుకుతూనే ఉన్నాను. నా పక్కన కూర్చున్నావిడ పాపం, "ఏం పోయిందండీ?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

సిగ్గేసింది. ఇది రాయకపోతే రేపటికి సర్దుకుంటుంది, నా సంగతి నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నవంబరు 25

గొట్టాల సంగతి మళ్లీ అడుగుదామనుకున్నాను. జయరావు గారు క్యాంపులో ఉన్నారు. వచ్చాక అడుగుతాను.

డిసెంబరు 9, సోమవారం

ట్యాంకు నిండింది. హాస్టల్లో కుళాయిలు తిప్పి ఆడపిల్లలు కేరింతలు కొట్టారు.

నన్ను లేడీస్ హాస్టలుకి వార్డెన్‌గా వేశారు. ఆర్డరుతోపాటు కొత్త క్వార్టరు. ప్రహరీగోడకి ఆనుకుని ఉంది, గోడకి అవతల పాలెం. వంటింట్లో ఇత్తడి కుళాయి. ఎంత సన్నగా తిప్పినా ఊ అంటూ వస్తాయి నీళ్లు. ఒక చెంబు పట్టుకుని తాగాను. చిన్నప్పటి నీళ్లే. ఇంట్లో ఉంటూనే ఆ నీళ్లు తాగటం ఎంత సుఖంగా ఉందో!

లోపల ఉంటేనే గదా పాలెం కోసం నాలుగు మాటలు చెప్పగలిగేది. బయటుంటే ఎవరు వింటారు? ఈ పదవి వాళ్లకే ఎక్కువ ఉపయోగం.

డిసెంబరు 25

పాలెం వెళ్లాను. అత్త అరిసెలు పెట్టింది. చేయి కడుక్కోవటానికి చెంబులో నీళ్లు సగమే పోసింది. ఒక్కరు కూడా కుళాయి సంగతి అడగలేదు. అడిగితే బాగుండేది.

1964 జనవరి 8, బుధవారం

పాలేనికి వెయ్యాల్సిన గొట్టాలు వచ్చాయి. ఇవాళ కమిటీ మీటింగు. పాలెం కుళాయి విషయం ఖాయం చేయించాలని గట్టిగా అనుకుని వెళ్లాను.

నేను నోరు తెరిచేలోపలే వెంకటరావమ్మ గారు అందుకున్నారు. ఆవిడ కమిటీ మెంబరు, కూతురు మా హాస్టల్లోనే ఉంటుంది. "హాస్టలుకీ పాలేనికీ ఒకటే గొట్టమా? వాళ్లు కుండలు ఆనించిన కుళాయిలో నీళ్లు వెనక్కెక్కి మళ్లీ ట్యాంకులో కలవవూ? మా ఇంట్లో ఆచారం తెలిసినవాళ్లెవరూ అమ్మాయిని ఇక్కడ ఉంచనివ్వరు" అన్నారు.

ఫిజిక్సు ఆయన నవ్వు ఆపుకుంటూ, నీళ్లు పైనుంచి కిందికే వస్తాయండీ అని చెప్పబోయాడు.

"కరెంటు తీగని ఎక్కడ ముట్టుకున్నా కొట్టదూ? ఇదీ అంతే. గొట్టం గొట్టమే" అన్నారావిడ. అంతటి ఫిజిక్సూ అక్కడితో ఆగిపోయింది. చదువుకున్న పెద్దమనుషులు తలలూపటం మొదలుపెట్టారు. మైల గొట్టం పట్టుకుని పైకి పాకుతుందని!

ఆ ట్యాంకులో ఉన్నవి ఆ పాలెం బావి నీళ్లేనని ఎవరూ అనలేదు. అనవలసిన మనిషి నేను. మాట గొంతు దాకా వచ్చింది. అది అంటే తరవాత మాట నా గురించి వస్తుంది. హాస్టల్ పిల్లల అన్నం, నీళ్లు చూసే వార్డెన్ ఏ బావి నీళ్లు తాగి పెరిగిందో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ ఎత్తటం లేదు. ఎత్తించుకోవటం నాకు ఇష్టం లేదు.

కరస్పాండెంటు గారు నా వైపు తిరిగారు. "మీరేమంటారమ్మా? వాళ్ల కష్టసుఖాలు తెలిసినవారు."

"తొందరేం లేదండీ. వాళ్లకి విడిగా చిన్న ట్యాంకు కట్టించి ఇద్దాం. వేసవి దాటాక చూద్దాం" అన్నాను.

గదిలో అందరూ హమ్మయ్య అనుకోవటం నాకు వినిపించింది. రెబ్కా గారే అన్నాక ఇంకేముందని తీర్మానం రాసేశారు.

జనవరి 9

ఆలోచిస్తే విడి ట్యాంకే మేలు. వాళ్లది వాళ్లకి ఉంటుంది, ఒకళ్లని అడిగే పని ఉండదు.

జనవరి 10

బావి కూడా వాళ్లది వాళ్లకే ఉండేది.

జనవరి 19, ఆదివారం

పొద్దున పెరటి తలుపు తట్టితే తీశాను. అత్త, చంకలో బిందె. ప్రహరీకి పనివాళ్లు వదిలిన సందులోంచి వచ్చింది.

"ఒక్క బిందె పట్టుకుంటానమ్మాయ్. నిన్న పొద్దెక్కిందాకా నిలబడ్డా ఎవరూ పొయ్యలా" అంది.

కుళాయి తిప్పాను. నీళ్లు పడుతుంటే దోసిలి పట్టి తాగి, "మన ఊటే!" అని నవ్వింది. మూతి తుడుచుకుని కుళాయి వంక చాలాసేపు చూసింది. ఇత్తడి మీద చెయ్యి వేసి తిప్పి కట్టింది, మళ్లీ తిప్పింది, మళ్లీ కట్టింది. "నువ్వు గుళ్లో చూపిచ్చినట్టే ఉందే" అంది. ఎత్తిపొడుపు కాదు. అత్తకి ఎత్తిపొడవటం రాదు. అదే వస్తే నాకింత బాధ ఉండేది కాదు.

రోజూ వచ్చి పట్టుకోమన్నాను. ఈ పనైనా చేస్తున్నానని తృప్తిగా ఉంది.

జనవరి 24, శుక్రవారం

వెంకటరావమ్మ గారు కూతుర్ని చూడటానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ నా గుమ్మం దగ్గర ఆగారు. "వార్డెన్ గారింటికి ఈమధ్య పెరటిదారిన చుట్టాలు ఎక్కువయ్యారట గదా" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను.

జనవరి 25, శనివారం

అత్తని రావద్దన్నాను.

"కొన్నాళ్లు రాకత్తా. ఇక్కడ రూల్సు ఉన్నాయి" అన్నాను. అప్పటికి బిందె సగం నిండింది. అత్త నా మొహంలోకి చూసి, తనే కుళాయి కట్టేసింది.

"రూల్సు ఉంటే ఎట్టా మరి" అంది. సగం బిందె చంకనెత్తుకుని వెళ్లింది. నిండా పట్టుకోమని పిలుద్దామనుకున్నాను. హాస్టల్ పిల్లలు అటే వస్తున్నారు.

ఆవిడ కూలి డబ్బులతో చదువుకున్నాను నేను. ఇంతకంటే రాయలేను.

జనవరి 26

జెండా పండుగ. ఉపన్యాసం నాదే, సమానత్వం మీద. బాగా చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

పాస్టరు జక్రయ్య గారు వచ్చారు. వచ్చే ఆదివారం పాలెంలో కోతపండుగ, నన్ను ముఖ్య అతిథిగా రమ్మన్నారు. "పోయినేడు ఒంగోలు నించి మిషను దొరగార్ని పిలిచాం. ఈ ఏడు మన అమ్మాయే పెద్దదయింది గదా అనుకున్నాం" అన్నారు. వద్దనటానికి సాకు దొరకలేదు. వెతికాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొత్తం రాస్తాను.

కోతపండుగంటే ఆ ఏడు పండినదాంట్లో మంచిది తెచ్చి దేవుడి బల్ల ముందు పెట్టటం. తరవాత గుడి వాకిట్లో వాటిని వేలం పాడతారు. పాడుకున్నవాళ్లు తమ వస్తువుని తామే ఎత్తుకుని ఇంటికి పోవాలి, ఇంకొకరికి ఇచ్చి పంపకూడదు. వచ్చిన డబ్బు గుడికి. వేలం అంటే మావాళ్లకి తిరునాళ్లే. ఇవాళ ఒక కోడిగుడ్డు మీద ఇద్దరు బావామరుదులు పంతానికి పోయి కోడి ధర దాకా లాక్కొచ్చారు. "ఆ గుడ్డులో ఏనుగుందిరోయ్!" అని ఎవరో అరిస్తే అందరూ పడీపడీ నవ్వారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. పాలెం మొత్తానికి కుర్చీ నాదొక్కటే. మిరపపళ్లు, గుమ్మడికాయ, పత్తి మూట, గోగుకట్టలు, ఒక్కొక్కటీ పైకెత్తి చూపిస్తున్నారు పాస్టరు గారు. నేను కూడా నవ్వుతున్నాను.

తరవాత బల్ల కింద నుంచి ఒక బిందె తీశారు. తొణకకుండా రెండు చేతులా పట్టుకున్నారు.

"ఆదెమ్మ కానుక. మంచినీళ్లు" అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. అత్త గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఈ ఏడు నాకు మిరపా లేదు, పత్తీ లేదు అయ్యగారూ" అంది. "దేనికోసం ఎక్కువ కష్టపడ్డానో అది తెచ్చా. నిన్న పొద్దున్నించీ నిలబడితే ఒకావిడ పోసింది. తప్పంటే తీసేయండి."

"తప్పేముందమ్మా" అన్నారు పాస్టరు గారు. బిందె పైకెత్తి, "పాడండి" అన్నారు.

అది త్వరగా అయిపోతే చాలనిపించింది. "పది రూపాయలు" అన్నాను గట్టిగా. ఎవరో ఒకరు పైన పాడతారని చూశాను. కోడిగుడ్డుకి కొట్టుకున్నవాళ్లు ఈ నీళ్లకి ఒక్క మాట అనలేదు. ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు. ఎవరూ పాడలేదు. ఎవరూ నా వంక చూడనూ లేదు. మూడోసారి.

నేను పాడుకున్నాను గనక నేనే ఎత్తుకోవాలి. దండ మెడలో ఉండగానే బిందె చంకనెత్తుకున్నాను. ఎప్పుడో అలవాటు తప్పిన పని, నడుస్తుంటే నీళ్లు తొణికి చీర తడిసింది. నా వెనక పాట మొదలుపెట్టారు, పాడుకున్నవాళ్లని సాగనంపే పాట. రోడ్డు మీదుగా చుట్టు తిరిగి కాలేజీ గేటు దగ్గరికి వచ్చాను. వాచ్‌మన్ రంజాన్ స్టూలు మీద నుంచి లేచి, గబగబా ఎదురొచ్చాడు.

"ఏందమ్మా, మీరు మోసుకొస్తన్నారు? మీ ఇంట్లో కుళాయి రావట్లేదా?"

"వస్తోంది రంజాన్" అన్నాను.

అతనికేమీ అర్థం కాలేదు. గేటు తీసి పట్టుకున్నాడు. ఇంట్లోకి వచ్చి బిందె కుళాయి పక్కన దింపాను. ఆ నీళ్లు తాగలేకపోయాను, పారబొయ్యలేకపోయాను. కాగులో పోసి మూత పెట్టాను. చీర ఇంకా మార్చుకోలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

వేలంలో నేను పాడుకుంది నీళ్లని. బిందె అత్తదే, ఆవిడ ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే. తిరిగి ఇవ్వాలి. వాడుకోవటానికి తెచ్చుకున్న పాత్రని ఖాళీగా ఇవ్వటం మా ఇళ్లలో లేదు. కుళాయి కింద పెట్టి నిండా పట్టాను. మధ్యాహ్నం క్లాసు వదిలేసి, పెద్దగేటు గుండానే, పిల్లలంతా చూస్తుండగానే పాలెం వెళ్లాను. నడుస్తుంటే నా మీద నాకే కొంచెం గౌరవం కలిగింది. ఇది కూడా రాయాలి.

అత్త ఇంటి ముందు ఎత్తు అరుగు. అరుగెక్కి పిలిచాను. మా ఊట నీళ్లు తెచ్చానని తెలిసి చుట్టుపక్కల ఆడవాళ్లు కుండలూ చెంబులూ పట్టుకుని వచ్చారు. తలా కాస్త పోద్దామని అరుగు మీద నుంచే బిందె వంచబోయాను.

వాళ్లు కుండలు కింద పెట్టారు. పెట్టి, అందరూ వెనక్కి జరిగారు.

ఎవరూ కావాలని చెయ్యలేదు. ఈ చలికాలమంతా కట్ట కింద నేర్చుకున్న పని అది, కాళ్లు వాటంతటవే జరిగాయి. నన్ను ఎత్తుకుని పెంచిన చేతులు, నా తలకి నూనె రాసిన చేతులు, పైనుంచి పడే నీళ్లకి దూరంగా, కొంగుల్లో దాక్కుని ఉన్నాయి. మా అత్త కూడా జరిగింది.

"పొయ్యమ్మా" అంది ఎవరో.

నేను పొయ్యలేకపోయాను. బిందె అరుగు మీద పెట్టి అక్కడే కూలబడ్డాను. ఏడుపొచ్చింది.

"ఏడు, ఏడు" అన్నాడు జోసఫు. ఒంగోలు నుంచి పండక్కి వచ్చి ఇంకా వెళ్లలేదు. "కట్టమీద అమ్మగార్లు చాలరని నువ్వొకదానివి తయారయ్యావు. నీకు తెలుసా, పోయిన నెల్లో తహసీల్దారు వచ్చాడు ఎంక్వయిరీకి. నేనే పెట్టా అర్జీ. కుళాయి ఇస్తామని చెప్పిందెవరు, పేరు చెప్పండి, కాలేజీ వాళ్లని నిలదీస్తానన్నాడు. ఆమేన్ అన్నవాళ్లు పాలెం నిండా ఉన్నారు. ఒక్కళ్లకి గుర్తులేదంట!"

"నోరుముయ్యరా జోసఫూ" అంది అత్త.

"ఎందుకు ముయ్యాల? దీని ఉద్యోగం పోద్దని నువ్వేగా ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది! పాస్టరుగారి చేత కూడా తెలవదనిపించావు. నా నోటి మీద నువ్వే చెయ్యి పెట్టావు."

"ఎప్పుడత్తా?" అని అడిగాను.

అత్త పక్కకి చూసింది. "ఎప్పుడైతే ఏందిలే. నువ్వు రూల్సన్నావే, ఆ మర్నాడో ఆ పై రోజో."

నేను నీళ్లకి రావద్దన్నాక! సగం బిందెతో పంపించాక!

"కాగితం మూసేస్తానన్నాడు. ఈ బుధవారంలోపల చెప్పేవాళ్లెవరన్నా ఉంటే ఆఫీసుకి రమ్మన్నాడు. ఎవరొస్తారు!" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు జోసఫు.

అత్త వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. "వాడి మాటలు పట్టించుకోమాక. కుళాయి ఇయ్యాల గాకపోతే రేపొచ్చుద్ది. పాలెంలో ఒక్కదానివి ఎక్కొచ్చావు, నిన్ను దించుకుంటామా?" అంది.



ఫిబ్రవరి 11, మంగళవారం

తహసీల్దారు ఆఫీసు వరండా. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. జయరావు గారికి సెలవు చీటీ పంపలేదు, చెప్పి రాలేదు. చెబితే మళ్లీ టీ ఇచ్చి కూర్చోబెడతారు, కూర్చుంటాననే నా భయం.

భయం ఇంకా చాలా ఉంది. క్వార్టరు పోతుంది. వార్డెన్ పదవి పోతుంది. ఉద్యోగమే పోవచ్చు. చెప్పినంతమాత్రాన కుళాయి వస్తుందన్న నమ్మకం కూడా లేదు, కాలేజీ వాళ్లు నేను సొంతంగా వాగానంటారు. ఆ మీటింగులో వేసవి దాటేదాకా ఆగుదామన్నది ఎవరని తహసీల్దారు అడిగితే అదీ చెప్పాలి. రెండుసార్లు లేచి మెట్ల దాకా వెళ్లి వచ్చాను. కట్ట పక్కనుంచి పోయే బస్సులోనే వచ్చాను. ఈసారి తల వంచుకోలేదు. అత్త నన్ను చూసి చెయ్యి ఊపింది, ఎక్కడికి వెళ్తున్నానో తెలియక.

ఇప్పుడే బంట్రోతు వచ్చి అడిగాడు. "పాలెం బావి కేసుకి వచ్చారంటగా. కాలేజీ తరఫునా అమ్మా, పాలెం తరఫునా?"

"కుళాయి వస్తుందని చెప్పింది నేనే" అన్నాను.

లోపలికి రమ్మంటున్నారు.